బాపు పళ్ళు, బాపు బొటనవేలు

తన కడుపులో క్లోమం అనేది ఒకటి ఉందని మా బాపుకు యాభై దాటాక తెలిసింది. తెలియగానే ఆయన చేసిన మొదటి పని దాని మీద అలగడం.

"ఇన్నేండ్లు నా కడుపుల ఉన్నది గదా బిడ్డా, ఒక్కనాడన్న ఉన్ననని చెప్పిందా? ఇయ్యాల చెప్పింది, గిట్లనా చెప్పేది?" అన్నాడు నల్లగొండలో దవాఖాన మంచం మీద, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని.

ఇది ఎనభైల చివరి సంగతి. కట్టంగూర్ నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద మా ఊరు. మాది నేత ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపును కన్న మా అవ్వే నన్నూ పెంచింది. పగలంతా బాపు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు, పొద్దుగూకితే కల్లుకు పోయేవాడు. దవాఖానలో డాక్టరు "తాగుతవా?" అని అడిగితే "లేదు సార్, కల్లే" అన్నాడు. డాక్టరు రాసుకోవడం ఆపి ఆయన మొహం చూశాడు.

తర్వాత ఓపికగా చెప్పాడు. పొట్ట వెనకాల క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది, తిన్నది అరగడానికి రసం ఇస్తుంది, ఒంట్లో చక్కెరను అదుపులో పెడుతుంది, నీది వాచింది, ఇక కల్లు ముట్టకు అని. బాపు తల ఊపాడు గానీ నమ్మలేదు. మనిషి లోపల ఏముంటుందో ఆయనకు తెలిసిందంతా మేకను చూసే. కార్జం తెలుసు, గుండెకాయ తెలుసు, గుర్దా, తిల్లి, బోటి అన్నీ తెలుసు, తిన్నాడు కూడా. "మేకల లేనిది నాకెట్లుంటది?" అన్నది ఆయన వాదన. ఇంటికి వచ్చిన ఆదివారమే కర్ర పట్టుకుని యాటలు కోసే ఆయన దగ్గరికి పోయి అడిగాడు. ఆయన పేగుల కుప్పలో కెలికి, పాలిపోయిన మెత్తటి ముక్కను వేలితో చూపించాడు.

"గిదే గావచ్చు. దీన్ని ఎవ్వరడుగుతరు? కుక్కలకేస్తం."

ఆ పూట బాపు అన్నం సరిగా తినలేదు. తన ప్రాణం మీదికి తెచ్చింది కుక్కలకు వేసే ముక్క అని తేలడం ఆయనకు బాగా నామోషీ అనిపించింది. గుండెకు వచ్చినా పదిమందికి చెప్పుకుందునని రెండు మూడు సార్లు అన్నాడు. కల్లు మాత్రం మానాడు. నొప్పీ పోయింది. కానీ దెబ్బతిన్న క్లోమం తన పని సగంలో వదిలేసి, షుగరు తెచ్చిపెట్టింది.

ఇక ఆయన పళ్ళ సంగతి చెప్పాలి. మా పక్క నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. మా ఊరి బోరింగు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. మాకది వింత కాదు. తెల్లటి పళ్ళవాడు కనిపిస్తే, ఎవరింటికి చుట్టమై వచ్చాడో అని అడిగేవాళ్ళం. అప్పుడప్పుడూ జీపుల్లో ఎవరో దిగేవారు, బడి పిల్లలను వరసగా నిలబెట్టి పళ్ళు ఇకిలించమనేవారు, ఫొటోలు తీసుకుని పోయేవారు. నీళ్ళు మాత్రం అవే. నేను పెళ్ళయి మహబూబ్‌నగర్ పోయినప్పుడు, మా ఆయన మేనత్త నన్ను చాటుకు పిలిచి, "కోడలా, జర్దా తింటవా? తింటే తిన్నవుగనీ జర తగ్గించు" అంది. మా జిల్లా నీళ్ళ చరిత్ర అంతా ఆమెకు వివరించేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. అంతా విని, "అయినా తగ్గించు" అంది.

దీనివల్ల మా వాళ్ళకు ఒక అలవాటు పడిపోయింది. నోట్లో ఏమైనా సరే, నీళ్ళ మీదికి తోసేయడం. బాపు వేపపుల్ల ఉమ్మితే ఎర్రగా పడేది, నీళ్ళ గుణం. పొద్దున లేచి మాట్లాడితే ఎదుటివాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగేవారు, నీళ్ళ గుణం. పళ్ళు కదులుతున్నాయంటే అదీ నీళ్ళ గుణమే. బాపే కాదు, నల్లగొండ దవాఖానలో డాక్టర్లు కూడా నోట్లోకి ఒకసారి తొంగిచూసి, ఆ రంగు చూసి, "నల్లగొండ నీళ్ళు" అనేసి కిందికి దిగిపోయేవారు.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం బాపు కుడికాలి బొటనవేలికి మగ్గం గుంతలో చెక్కపేడు గుచ్చుకుంది. ఆయన పసుపు పెట్టి ఊరుకున్నాడు. వేలు నల్లబడేదాకా మాకు చెప్పలేదు. కబురు తెలిసి నేను ఆ పూటే పోయాను. ఆయన్ని, ఆయన్ని వదిలి ఉండలేని అవ్వను, ఇద్దరినీ బస్సెక్కించి మహబూబ్‌నగర్‌లో మా కిరాయి ఇంటికి తెచ్చాను.

కోత డాక్టరు వేలును అటూ ఇటూ తిప్పి చూసి నాతో అన్నాడు. "షుగర్ దిగితే వేలు మిగులుతది. దిగకపోతే వేలు తీసెయ్యాలె. ఇంక పైకి పాకితే పాదం." కొన్ని వారాలు చూద్దామన్నాడు.

"బొటనవేలు లేకున్నా నడువొచ్చు, ఫికర్ చెయ్యకు పెద్దాయనా" అన్నాడు బాపుతో.

"నడుస్త సారూ. మగ్గం తొక్కుడెట్ల?" అన్నాడు బాపు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మగ్గం లేని బాపును నేను ఎన్నడూ చూడలేదు, చూడాలనీ లేదు.

అప్పుడు మొదలైంది మా ఇంట్లో రంగుల పని. ఆ రోజుల్లో షుగరు ఇంట్లో చూసుకోవాలంటే, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచాలి. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, మరీ ముదిరితే ఇటుక ఎరుపు. నేను పొద్దున్నే కిరసనాయిలు స్టవ్వు మీద ఒక పక్క షుగరు మందు వేసే సూది ఉడకబెట్టి, ఇంకో పక్క గొట్టం కాచేదాన్ని. మా ఆయన వంటింటి గడప దగ్గరే నిలబడి, "నా చాయ్ ఏ గిన్నెల కాస్తున్నవో ముందుగాల జూపియ్యి" అనేవాడు. చూపించినా కొన్నాళ్ళు బయట హోటల్లోనే తాగాడు.

బాపుకు మాత్రం ఆ పని తెగ నచ్చింది. నూలుకు రంగులద్దిన కన్ను గదా. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసేవాడు.

"ఇయ్యాల మంచిగ పండింది బిడ్డా. గీ ఎరుపు నూలుకు పట్టదు, ఎంత ఉడకబెట్టినా గింత నిండుగ రాదు."

"బాపూ, గది నీ కాలు తీసే రంగు" అని అరిచాను నేను.

"రంగు రంగే గద" అన్నాడు నెమ్మదిగా.

సూది వేస్తున్నాను, జొన్నరొట్టె తప్ప ఏదీ పెట్టడం లేదు, గొట్టం మాత్రం రోజూ ఇటుక రంగులోకే పోతోంది. కోత డాక్టరు పంపితే చూసిన షుగరు డాక్టరు మందు పెంచాడు. అయినా అంతే. ఇక నాకు అనుమానం మొదలైంది. బెల్లం డబ్బా బియ్యం బస్తాలో దాచాను, చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. చాయ్‌లోకి చక్కెర కోసం మా ఆయన నన్ను తాళంచెవి అడిగే పరిస్థితి వచ్చింది. బాపు జేబులు వెతికాను. చివరికి అవ్వ కొంగు ముడి కూడా విప్పించాను. వక్కపలుకులు, ఒక కర్పూరం బిళ్ళ తప్ప ఏమీ లేవు.

"నా కొడుకుకు చాటుకు బెల్లం పెట్టి నేనే సంపుకుంటున్ననా?" అంది అవ్వ. ఆ పూట అన్నం ముట్టలేదు. రాత్రికి ఆకలేసి తానే వచ్చి వడ్డించుకుంది, నాతో మాత్రం మాట్లాడలేదు.

ఒక పొద్దున బాపు రొట్టె నములుతూ ఆగిపోయాడు. నోట్లోంచి గట్టి ముక్క ఒకటి తీసి కంచం పక్కన పెట్టాడు. రాయి అనుకుని పిండి గిర్నీ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడం అయ్యాక చూస్తే అది పన్ను. గోధుమరంగు చారతో సహా, వేరుతో సహా, ఊడి వచ్చింది.

"నీళ్ళ గుణం" అన్నాడు బాపు, మిగిలిన రొట్టె పక్క దవడకు తోసుకుంటూ.

మిగతా పళ్ళు చూపిద్దామని, బస్టాండ్ దగ్గర కొత్తగా తెరిచిన పళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. అవ్వా వెంట వచ్చింది. పట్నంలో చదువుకుని వచ్చిన తురక పిల్లవాడు డాక్టరు. కుర్చీలో కూర్చోబెట్టి, దీపం వేసి, నోట్లోకి చూసి, "చాచా, మీకు షుగర్ ఉన్నదా?" అన్నాడు. మేము షుగరు మాట ఎత్తనే లేదు. బాపు నా వైపు చూశాడు, నేను చెప్పి ఉంటానని. నేను అవ్వ వైపు చూశాను.

"ఉన్నది డాక్టర్ సాబ్. పండ్ల మీద రాసున్నదా?" అన్నాడు బాపు.

"పండ్ల మీద కాదు, చిగుళ్ళ మీద ఉన్నది."

"గదంత నల్లగొండ నీళ్ళ గుణం సాబ్."

ఆ డాక్టరు నవ్వాడు. దూది ముక్క ఒకటి తీసి బాపు కింది చిగురు మీద వేలితో నొక్కాడు. తెల్ల దూది మీద పచ్చగా చీము అంటింది. దాన్ని బాపు కళ్ళ ముందు పెట్టాడు. "పండ్ల రంగు నీళ్ళదే చాచా, ఒప్పుకుంట. మరి గిది? గిది నీళ్ళది కాదు."

ఆపైన నెమ్మదిగా చెప్పాడు. చిగుళ్ళలో చీము పట్టినప్పుడు ఆ పురుగులు నోట్లోనే ఉండిపోవు, నెత్తురులోకి దిగుతాయి. వాటితో పోరాడలేక ఒళ్ళు అలసిపోతుంది, చక్కెర ఎక్కుతుంది, ఇచ్చిన మందు పని చేయదు. చక్కెర ఎక్కిన కొద్దీ చిగుళ్ళు ఇంకా కుళ్ళుతాయి. అసలే దెబ్బతిన్న క్లోమానికి ఇదొక అదనపు బరువు. నోరు శుభ్రం చేసి, కదిలే పళ్ళు తీసేస్తే షుగరు దిగే అవకాశం ఉంది. తప్పకుండా దిగుతుందని మాట ఇవ్వలేను, కానీ ఇట్లాగే వదిలేస్తే దిగడం కష్టం అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత, నోటి సూక్ష్మజీవులకూ క్లోమం జబ్బులకూ సంబంధం ఉన్నట్టు కనిపిస్తోందని, అవే కారణమా కాదా అన్నది ఇంకా తేలలేదని పేపర్లో చదివినప్పుడు, నాకు మొదట గుర్తొచ్చింది ఆ దూది ముక్కే.

తీయాల్సిన పళ్ళు ఏవో డాక్టరు చూపించాడు. పైన ముందువి, కింద ముందువి. బాపు కుర్చీలోంచి దిగి చెప్పులేసుకున్నాడు.

దారి పొడుగునా ఒకటే పోరు. "రోగం కడుపుల. పుండు కాలికి. పీకేది పండ్లా? ముగ్గురు డాక్టర్లు గూడి నన్ను మూడు కుప్పలు పెట్టి పంచుకున్నరు."

కోపంగా అన్నా, లోపల ఉన్నది వేరే. పేక పోగు తెగినప్పుడు అతికించి, మిగిలిన కొసను ముందు పళ్ళతో పుటుక్కున కొరకడం ఆయన పద్ధతి. కత్తెర పట్టుకోడు. కత్తెర దర్జీవాళ్ళదని ఆయన నమ్మకం. చెయ్యి పోగు మీద నుంచి తీయకుండా, మెడ వంచి కొరికి, పేకను అటూ ఇటూ తీసుకుపోయే నాడెను మళ్ళీ విసిరేవాడు. వేలు పోతే తొక్కడం పోతుంది, పళ్ళు పోతే కొరకడం పోతుంది. ఎటు పోయినా మగ్గమే పోతుందని ఆయన బాధ. నాకది అర్థమై కూడా, ఆ రాత్రి ఆయన మీద గట్టిగా అరిచాను. నువ్వు కుంటివాడివై మూల కూర్చుంటే నేను చూడలేనని అరుస్తూనే ఏడ్చాను. బాపు గోడకు తిరిగి పడుకున్నాడు.

నాతో మాటలు మానేసిన అవ్వ అప్పుడు నోరు విప్పింది.

"నన్ను జూడురా. నోట్ల ఒక్క పన్ను లేదు, ఒంట్ల ఒక్క రోగం లేదు."

అవ్వకు అప్పటికి ఎనభై దగ్గర. సజ్జరొట్టెను పాలలో నానబెట్టుకుని అందరికంటే ముందు తినేది. మా ఆయన పక్క గదిలోంచి, ఆమె చెప్పింది సరిగ్గానే ఉందని అన్నాడు.

"పన్ను పోతే కత్తెర ఉన్నది. కాలు పోతే ఏమున్నది నీకు? పండుకో ఇగ, పొద్దుగాల పోయి పీకిచ్చుకో" అంది అవ్వ. పొద్దున నేను లేచేసరికి బాపు తలకు నూనె రాసుకుని, ఉతికిన ధోతి కట్టుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు.

షుగరు అంత ఉన్నప్పుడు ఒక్కసారే పీకడం మంచిది కాదని, పళ్ళ డాక్టరూ షుగరు డాక్టరూ మాట్లాడుకున్నారు. మొదట మందులిచ్చి చిగుళ్ళు కడిగారు. తర్వాత ఒకటొకటిగా తీశారు. మొదటి పన్ను తీసి పళ్ళెంలో వేయగానే, బాపు నోట్లో దూది కుక్కుకుని ఉండి కూడా చెయ్యి చాచాడు.

"ఏం గావాలె చాచా?"

బాపు పన్ను వైపు చూపించాడు. అది ఆయనది, ఆయనకే కావాలి. ఇట్లా అడిగిన మనిషి తనకింతవరకూ తగల్లేదని డాక్టరు అన్నాడు. కడిగి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. తెచ్చి అవ్వ చేతిలో పెడితే, అవ్వ దాన్ని నా ఖాళీ కాటుక డబ్బీలో వేసింది. మిగతావీ వచ్చినకొద్దీ అందులోకే పోయాయి. మా ఆయన ఒకరోజు గుండీ కోసం వెతుకుతూ ఆ డబ్బీ తెరిచి, మళ్ళీ మూసి, ఆ పూట చొక్కా మార్చుకునే పోయాడు.

గొట్టంలో రంగు వెంటనే మారలేదు. కొన్నాళ్ళు ఇటుకే. తర్వాత ఒకరోజు నారింజ. నేను నమ్మక ఇంకోసారి కాచాను. మరికొన్నాళ్ళకు పసుపు, ఆపైన ఆకుపచ్చ. బాపు రోజూ వెలుతురుకు పట్టి చూసి, రంగు తేలిపోతోందని పెదవి విరిచేవాడు గానీ, నా కంటే ముందే లేచి స్టవ్వు దగ్గర కూర్చునేవాడు. వేలి చుట్టూ నలుపు కొద్దికొద్దిగా పొట్టులా రాలింది. కింద నుంచి ఎర్రటి కొత్త చర్మం వచ్చింది. ఒక పొద్దున గొట్టం ఎంత కాచినా నీలంగానే ఉండిపోయింది. నేను ఆ గొట్టం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే, మా ఆయన ఎందుకో అర్థంకాక, పగిలిందా అని అడిగాడు.

కోత డాక్టరు వేలు చూసి, ఇక తీసే పని లేదన్నాడు. షుగరు పోయిందని కాదు, సూది మానొద్దు, నోరు రోజూ కడుక్కోవాలి, పాదాలు చూసుకోవాలి అన్నాడు. బాపు ఊరికి పోదామని అప్పుడే లేచాడు.

ఈలోపు నాకొక అనుమానం ఉండిపోయింది. ఆ పళ్ళను అవ్వ ఎందుకు దాస్తున్నట్టు? మూట కట్టుకుంటుంటే అడిగాను.

"ఇంటి మీదికి ఎయ్యాలె గద. మల్ల రావాలె" అంది. పాలపళ్ళు ఊడిన పిల్లలకు చేసే పనే అది. పన్నును పేడలో చుట్టి ఇంటి మీదికి విసురుతారు, కొత్తది వస్తుందని.

"మా ఇంటి మీదనే ఎయ్యకపోయినవా?"

"నీది స్లాబిల్లు. స్లాబు మీద ఏస్తే ఎట్లొస్తయ్? పెంకుల మీద ఎయ్యాలె."

నాకు నవ్వొచ్చింది. బాపు మొహం చూశాను, ఆయనా నవ్వుతాడేమోనని. ఆయన నవ్వలేదు. ముందు పళ్ళు పోయినప్పటి నుంచి ఎవరైనా చూస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. అప్పుడూ అట్లాగే పెట్టుకుని, అవ్వ మాట శ్రద్ధగా విన్నాడు.

ఊళ్ళో బస్సు దిగి ఇంటికి చేరగానే, అవ్వ నీళ్ళు కూడా తాగకుండా పక్కింటి కొట్టంలోంచి పేడ తెచ్చింది. డబ్బీలోని పళ్ళన్నీ అందులో పెట్టి ముద్ద చేసింది. వాకిట్లో చూరు ఎదురుగా నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. ఆ చేతిలో బలం ఎక్కడిది? ముద్ద చూరు దాకా కూడా పోలేదు, ఆమె కాళ్ళ దగ్గరే పడింది. వంగి తీసుకుని మళ్ళీ విసిరింది. మళ్ళీ అక్కడే పడింది. నేను వేస్తానని ముందుకు పోయాను. అవ్వ నన్ను కళ్ళతోనే ఆపేసింది.

బాపు అరచెయ్యి నోటి మీది నుంచి తీశాడు. ముద్ద తీసుకుని, చెప్పులు విప్పి, చూరు కిందికి పోయి మునివేళ్ళ మీద లేచాడు. కోయాలన్న ఆ వేలు నేలను అదిమి ఆయన బరువంతా మోసింది. ముద్ద పైకి పోయి పెంకుల మీద ఎక్కడో దొర్లిన చప్పుడైంది, కిందికి రాలేదు.

ఆయన అవ్వ వైపు తిరిగాడు. తల నెరిసిన మనిషి, ముందు పళ్ళు లేని నోటితో నిజంగానే అడిగాడు.

"ఎప్పుడొస్తయే అవ్వా?"

"నువ్వు జూస్త నిలబడితె రావు. పోయి మగ్గం మీద కూసో" అంది అవ్వ, చేతికంటిన పేడ గోడకు తుడుస్తూ.